మొరం పోసిన ప్రయోగశాల

అణుశాస్త్రం అనగానే బాంబు తప్ప మరొకటి గుర్తురాని మనుషులంటే నాకు ఒళ్లు మంట. మా తమ్ముని బిడ్డ ఆ శాస్త్రంలో పరిశోధన చేస్తోందని రామన్నపేటలో తెలిసిననాటి నుంచి బస్టాండులో, కటింగు షాపులో, పెన్షన్ వరుసలో ఎవరో ఒకరు నన్ను పట్టుకుని అడిగేవారు.

"ఏం పెద్దమనిషి, మీ పిల్ల బాంబు జేస్తాందట గదా. జర మన ఊరిని ఇడిసిపెట్టమను."

మొదట్లో నిలబడి చెప్పేవాణ్ని. కిరణాలంటే భయపడాల్సింది లేదు, రాయిలోంచి వస్తాయి, అరటిపండులోంచి వస్తాయి, నీ ఒంట్లోంచి కూడా కొన్ని వస్తున్నాయి అనేవాణ్ని. "నా ఒంట్లకెల్లి చెమట తప్ప ఇంకేం రాదు" అని వాడు నవ్వేవాడు. ఇంతలో బస్సు వచ్చేది. నా చెప్పుడు సగంలో ఆగిపోయేది.

ఇంకో రకం వాళ్లు ఉన్నారు. వాళ్లతో వేళాకోళం కుదరదు. యురేనియం అన్న మాట చెవిన పడితే మా నల్లగొండ, పాలమూరు దిక్కు మనిషికి గనులొచ్చి భూమి పోతుందన్న భయమే ముందు వస్తుంది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, దాన్ని నేను ఎగతాళి చేయను. అట్లాంటి వాళ్లను కూర్చోబెట్టి చాయ్ తాగించి, "మా పిల్ల తవ్వేదేం లేదు, గదిల కూసోని చూసుడే" అని నచ్చజెప్పేవాణ్ని.

నన్ను ఎవరూ చదివించలేదు, నేనే చదువుకున్నాను. ఏడో తరగతి తర్వాత బడి మాన్పించి రేడియోలు బాగుచేసే దుకాణంలో పెట్టారు. పాత కాగితాల కొట్టులో తూకానికి కొనుక్కున్న భౌతికశాస్త్రం పుస్తకాలే నాకు పంతుళ్లు. వాటిలో చాలావాటికి చివరి పేజీలు ఉండేవి కావు. లెక్కల జవాబులుండేది ఆ పేజీల్లోనే. కాబట్టి నేను చేసిన లెక్కల్లో ఎన్ని ఒప్పో ఎన్ని తప్పో ఇప్పటికీ తెలియదు, తప్పని నిరూపించినవాడూ లేడు. రాష్ట్రం వచ్చేనాటికి రేడియోలు బాగుచేయించుకునేవాళ్లు కనుమరుగయ్యారు. దుకాణం జాగా కిరాయికిచ్చి ఇంట్లో కూర్చున్నాను. ఆ తర్వాత కొన్నేళ్లకు ఈ పిల్ల హైదరాబాదులో డాక్టరేటు పూర్తిచేసి మా ఊరి డిగ్రీ కాలేజీకే కాంట్రాక్టు లెక్చరర్‌గా వచ్చింది. తమ్ముడిది పక్క పల్లె, వ్యవసాయం. కాలేజీ దగ్గరని పిల్ల మా ఇంట్లోనే ఉండేది. అణువు గురించి మాట్లాడటానికి ఇంట్లో ఒక మనిషి దొరికిందని నేను సంబరపడ్డాను. మా ఆవిడ మాత్రం, "ఇన్నొద్దులు ఒక్కనితోనే ఏగిన, ఇప్పుడు ఇద్దరైండ్రు" అంది.

ఆమె చేసే పని ఏమిటో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. కిరణాలు విడిచే పదార్థాలు ఒక్కొక్కటీ తన సొంత బలం ఉన్న కిరణాలనే విడుస్తాయి. వాటిని పట్టే పరికరంలో ఉప్పుగల్లులాంటి ఒక స్ఫటికం ఉంటుంది. కిరణం తగిలినప్పుడల్లా అందులో ఒక మెరుపు పుడుతుంది. ఆ మెరుపులన్నీ లెక్కపెట్టి గీత గీస్తే ఎద్దు మూపురాల్లాగా ఎత్తులు లేస్తాయి. ఏ మూపురం ఎక్కడ లేచిందో చూసి ఫలానా పదార్థం ఉందని చెప్పవచ్చు. ఖరీదైన పరికరంలో మూపురాలు విడివిడిగా కనిపిస్తాయి. చవక పరికరంలో ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. రేడియోలో ఒక స్టేషన్ మీద ఇంకో స్టేషన్ పడితే వార్తలూ పాటలూ కలిసిపోయినట్టు. అలవాటైన చెవి అయితే విడదీసి వింటుంది. ఆ అలవాటును కంప్యూటర్‌కు నేర్పడమే ఈ పిల్ల పరిశోధన. కృత్రిమ మేధ అంటారు, ఏఐ అంటారు, ఏదైతేనేం. వేల గీతలు చూపించి, ఇది ఫలానా, ఇది ఫలానా అని చెబుతూ పోతే అది తనంతట తాను గుర్తుపట్టడం మొదలుపెడుతుంది. చవక పరికరం భుజాన వేసుకుని ఏ పల్లెకైనా పోయి, అక్కడి రాతిలో, నీటిలో ఏముందో అక్కడికక్కడే చెప్పగలిగితే బాగుంటుందని ఆమె కోరిక. భూమి పోతుందని భయపడే మనిషికైనా తన భూమిలో ఏముందో ముందు తనకు తెలియాలి కదా.

పరికరం ఆమెది కాదు. హైదరాబాదులో ఆమెకు పాఠం చెప్పిన ప్రొఫెసర్ అరువిచ్చారు. ఆయన రిటైర్ కాబోతున్నారు, అయ్యాక వాపసు ఇచ్చేయాలి. సొంతంగా కొనుక్కోవాలంటే పరిశోధనకు ఎవరైనా డబ్బు మంజూరు చేయాలి. పరిశోధనలకు డబ్బిచ్చే సర్కారు సంస్థను మొదటిసారి అడిగితే కాదన్నారు. కారణం ఏమిటయ్యా అంటే, కాలేజీలో సౌకర్యాలు లేవట. సౌకర్యాలు లేవనే కదా అడిగింది. దూప గొన్నవాడితో ముందు నువ్వు బాయి తవ్వుకుని రా, తర్వాత చెంబు ఇస్తామన్నట్టుంది. ఆ రోజు నేను అన్నం తినలేదు. మా ఆవిడ రెండుసార్లు పిలిచి, "పైసలియ్యంది వాళ్లు, ఉపాసం నాకు జూపెడ్తవేంది" అని కంచం తీసేసింది.

తమ్ముడు ఊరుకునే రకం కాదు. జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో పరీక్షల విభాగంలో బిడ్డకు ఉద్యోగం మాట్లాడాడు. పర్మినెంటు. కాంట్రాక్టు జీతం ఏ నెలలో వస్తుందో ఏ నెలలో రాదో తెలియని పిల్లకు అది చిన్న విషయం కాదు. రెండోసారి అడిగే ముందు తండ్రీ బిడ్డలు మా అరుగు మీద కూర్చుని ఒప్పందం చేసుకున్నారు.

"ఈసారి గూడ కాదంటే?" అన్నాడు తమ్ముడు.

"కాదంటే జడ్చర్లకు పోత నాయినా. ఇంక మాట్లాడ."

ఆ మాట అనేటప్పుడు పిల్ల నా వైపు చూడలేదు.

రెండోసారి వాళ్లు కాదనలేదు, అవుననలేదు. కాలేజీకి వచ్చి చూస్తామన్నారు. ముగ్గురు వస్తారట. కళ్లముందు చేసి చూపించాలట. పిల్ల నెలల తరబడి కంప్యూటర్‌కు గీతలు చూపించి నేర్పిన గది కాలేజీ వెనుక పాత స్టోరు గది. విరిగిన బెంచీలు బయటపడేసి ఇచ్చారు. చూపించడానికి ఆమె ఎంచుకున్నవి తేలికైన వస్తువులు. ఒక సీసాలో మంచినీళ్లు, ఒక సీసాలో పొలానికి చల్లే పొటాష్, ఇంకో సీసాలో నా పాత దుకాణంలో మిగిలిన పెట్రోమాక్స్ దీపం జాలి, అదే మాంటిల్. ఆ పాత జాలీల్లో థోరియం ఉండేది, అందుకే అంత తెల్లగా వెలిగేవి. పొటాష్‌లోంచి కూడా సహజంగానే కొన్ని కిరణాలు వస్తాయి. సీసాలకు గుడ్డ చుట్టి పరికరం ముందు పెడితే కంప్యూటర్ ఏది ఏదో ఠక్కున చెప్పేది. నేను ఎన్నోసార్లు మోసం చేద్దామని చూశాను. ఖాళీ సీసా పెట్టాను, ఉప్పు పెట్టాను. అది మోసపోలేదు.

వాళ్లు రావడానికి ముందు వారమంతా వాన. స్టోరు గది చుట్టూ జాగా అడుసు అడుసైంది. గదిలోపల సిమెంటు నేల కూడా పగిలి గుంతలు. రేపు వస్తారనగా పిల్ల తన ప్రొఫెసర్‌కు చెప్పబోయేదంతా ఒకసారి వినిపించి వస్తానని హైదరాబాదు వెళ్లింది. ప్రిన్సిపాలు మా ఇంటికి వచ్చి తలపట్టుకున్నాడు.

"కారు దిగంగనే అడుసుల కాలు వెడ్తరు. మల్ల సౌకర్యాలు లేవంటరు."

మా ఆవిడ లోపలి నుంచే, "గంతేనా, మా తమ్మునికి ఫోన్ కొట్టు" అంది.

మా బామ్మర్దికి రెండు ట్రాక్టర్లున్నాయి. మా దిక్కు ఎవరు వచ్చినా ముందు మొరం పడుతుంది. పెళ్లయినా, దినమైనా, మంత్రి వచ్చినా, చివరికి సర్కస్ వచ్చినా గుట్ట దగ్గర తవ్విన గరుకుమట్టి, ఎర్ర మొరం తెచ్చి నేల మీద పరిచి నీళ్లు చల్లితే గానీ మర్యాద చేసినట్టు కాదు. మొరం పడని ఇంటికి చుట్టాలు కూడా మొఖం ముడుచుకుని వస్తారు. బామ్మర్ది సాయంత్రానికల్లా ట్రాలీ మీద ట్రాలీ దించాడు. గది చుట్టూ పోయించాడు, గదిలోపల గుంతలన్నీ నింపించాడు, బల్ల కిందికి కూడా తోయించి దిమ్మిస కొట్టించాడు. మా ఆవిడ పక్కన నిలబడి నీళ్లు చల్లించింది.

"బావా, చూస్తున్నవా," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "నీ రేడియో దుకాణం ముంగట ఏనాడన్న గింత మొరం పడ్డదా?"

"నా దుకాణానికి మొరం కాదు, గిరాకీ కావాల్సి ఉండె."

"గందుకే గిరాకీ రాలే. అడుసుల ఎవడొస్తడు?"

నిజం చెప్పాలంటే గది నాకు కూడా ముచ్చటగా కనిపించింది. కొత్త నేల, తడి మట్టి వాసన, పెళ్లివారి విడిదిల్లులాగా.

తెల్లవారి మొదటి బస్సుకే పిల్ల వచ్చింది. వాకిట్లోనే ఆగిపోయి చూసింది. "మామా, నువ్వే పోయించినవా" అని బామ్మర్ది చేతులు పట్టుకుంది. వాడు కండువా సవరించుకున్నాడు. తర్వాత లోపలికి పోయి పరికరం పెట్టి, కంప్యూటర్ తెరిచి, మంచినీళ్ల సీసా ముందుంచింది.

కంప్యూటర్ దీపం జాలి అంది.

సీసా తీసి మళ్లీ పెట్టింది. దీపం జాలి. పొటాష్ పెట్టింది. దీపం జాలి. ఏమీ పెట్టలేదు. దీపం జాలి.

మా ఆవిడ వచ్చేవాళ్లకని బియ్యప్పిండితో చేసిన తపాలచెక్కల గిన్నె పట్టుకుని తలుపులో నిలబడి ఉంది. పిల్ల ఒకటి తీసుకుని ఆకుమీద పరికరం ముందుంచింది. అదీ దీపం జాలే.

"నేను జేసిన చెక్కల గ్యాసు దీపం ఏడికెల్లొచ్చిందే," అంది మా ఆవిడ. "గా డబ్బకు కండ్లు దొబ్బినయ్."

నేను ఆగలేదు. ఇది కరెంటు లోపం, ఎర్తింగు సరిగా లేదు, వానకు గోడ నాని వోల్టేజీ తేడా వస్తోంది అని చెప్పి ప్లగ్గు విప్పాను. తీగ మార్చాను. బయట ఎర్తింగు గొట్టానికి నీళ్లు పోశాను. అన్నీ చేసినా అది దీపం జాలి అనే అంది. ఇంకో అరగంట టైమిస్తే పట్టేసేవాణ్ననుకుంటూనే ఉన్నాను. పిల్ల నా మాట వింటున్నట్టు లేదు. నేల వైపు చూస్తోంది. వంగి దోసెడు మొరం ప్లాస్టిక్ కవర్లో పోసి పరికరానికి ఆనించింది. తెర మీద గీతలో థోరియం మూపురం కొంచెం కొంచెంగా లేచింది.

"మామా," అంది. "గీ మొరం ఏడికెల్లి తెచ్చినవ్?"

"మన గుట్ట కాడికెల్లే బిడ్డా. ఫస్టుక్లాసు ఎర్ర మొరం. పెద్ద పెద్ద ఆఫీసులకు గూడ గిదే పోస్త."

పిల్ల బెంచీ మీద కూర్చుంది. ఆమె చెప్పింది నేను నా మాటల్లో చెబుతాను. మా ప్రాంతమంతా గ్రానైటు రాయి. ఆ రాయిలో పుట్టుక నుంచే రవ్వంత థోరియం, రవ్వంత యురేనియం ఉంటాయి. అందులో కొత్తా లేదు, ఆ మొరంతో ప్రమాదమూ లేదు. మన తాతల నాటి నుంచి దాని మీదే పండుకుని లేస్తున్నాం. కానీ కంప్యూటర్ నేర్చుకున్నదంతా సిమెంటు నేల ఉన్న గదిలో. ఆ గదిలో ఎప్పుడూ ఉండే కాసిని కిరణాల చప్పుడు దానికి అలవాటైపోయింది. ఇప్పుడు నాలుగు దిక్కులా రాతిమట్టి తెచ్చి పోస్తే, ఏది ముందు పెట్టినా దానికి థోరియమే వినిపిస్తోంది. చుట్టూ సీసపు ఇటుకలు పేర్చి ఉంటే కొంత ఆగేది. ఆ ఇటుకలకూ డబ్బు లేదు, అవీ అడిగిన వాటిలోనే ఉన్నాయి.

బామ్మర్ది బయటికి పోయి కూలీలను కేకేశాడు. "ఎత్తుండ్రి. మొత్తం ఎత్తుండ్రి." పారలు పడ్డాయి. అంతలోనే ప్రిన్సిపాలు పరుగున వచ్చి వాళ్లు చౌటుప్పల్ దాటారని చెప్పాడు.

పిల్ల లేచి బయటికి వచ్చింది.

"ఉండనీ మామా. సగం ఎత్తుతరు, సగం ఉంటది. గప్పుడు గిది సిమెంటుదీ కాదు, మొరందీ కాదు, దానికి మూడో గది అయితది."

"మరెట్ల బిడ్డా?"

"ఎట్లుంటే గట్ల చూపెడ్త."

నాకు వేడెక్కింది. ఇన్ని నెలల కష్టం నేలపాలైపోతుంటే ఎట్లుంటే గట్ల ఏమిటి. వాయిదా వేయమను, జ్వరమని చెప్పు, కరెంటు లేదని చెప్పు అన్నాను. ఆమె నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వులో నాకు జడ్చర్ల బస్సు కనిపించింది.

వాళ్లు వచ్చారు. ఒకరు జుట్టంతా నెరిసిన పెద్దావిడ, అణుశాస్త్రంలోనే జీవితమంతా గడిపిన మనిషి. ఇంకొకాయన కంప్యూటర్ల పండితుడు, నలభై దాటి ఉండవు. మూడో ఆయన ఫైలు పట్టుకుని వచ్చారు, పోయేదాకా ఫైలు విడవలేదు, నోరు విప్పలేదు. కారు దిగగానే పెద్దావిడ కింద చూసి, "నేల చక్కగా చేయించారే" అన్నారు. ప్రిన్సిపాలు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు.

పిల్ల సీసాలు వాళ్ల చేతికే ఇచ్చింది. మీ ఇష్టమొచ్చిన వరుసలో పెట్టండి అంది. కంప్యూటర్ పండితుడు ఒకదాని తర్వాత ఒకటి పెట్టారు. దీపం జాలి, దీపం జాలి, దీపం జాలి. ఆయన తన సంచీలోంచి తాగే నీళ్ల సీసా తీసి పెట్టారు. దానికీ అదే మాట. ఆయన ఆ సీసాను ఎత్తి వెలుతురులో చూసుకున్నారు.

"వోల్టేజీ ప్రాబ్లం సార్," అన్నాడు ప్రిన్సిపాలు. "వానలు గదా."

"వోల్టేజీ కాదు సర్," అంది పిల్ల. "నిన్నటి దాక సరిగ్గా చెప్పింది. రాత్రి గది నేల మారింది. చుట్టూ మొరం పోసిండ్రు. దీనికి ఇది కొత్త జాగా."

కంప్యూటర్ పండితుడు కుర్చీ వెనక్కి వాలారు. "అంటే ఇది పదార్థాలను నేర్చుకోలేదు. గదిని నేర్చుకుంది."

"అవును సర్."

"దీనికి మేము డబ్బివ్వాలా?"

ఆ మాటకు నేను లేచి నిలబడ్డాను. ఏం అనేవాణ్నో నాకే తెలియదు, మా ఆవిడ వెనుక నుంచి నా చొక్కా పట్టి కూర్చోబెట్టింది. పిల్ల మాత్రం తడుముకోలేదు. చెమట తుడుచుకుని చెప్పింది.

"ఇది నేర్చుకోలేదు కాబట్టే అడుగుతున్న సర్. నేను రాసి పంపిన దాంట్లో పెద్ద కంప్యూటర్ అడిగిన. ఇవాళ పొద్దున దాకా నాకు అదే ముఖ్యమనిపించింది. ఇప్పుడు అది కొట్టేయండి. నాకు కంప్యూటర్ కాదు, జాగాలు కావాలి. ఎర్రమట్టి, నల్లరేగడి, బండరాయి, చెరువు కట్ట, బడి వరండా. ఒక్కో చోట పరికరం పెట్టి, ఆ చోటు చప్పుడు ఏందో దీనికి వినిపించాలి. గప్పుడే పదార్థమేదో, చోటేదో ఇది విడదీస్తది."

"లెడ్ బ్రిక్స్ కూడా అడిగారు కదా. అవి పెట్టుకుంటే సమస్య తీరుతుంది."

"గదిలో తీరుతది సర్. పొలంలకు సీసం మోసుకపోలేను."

పెద్దావిడ లేచి గుమ్మం దగ్గరికి పోయి, గుప్పెడు మొరం తీసి అరచేతిలో అటూ ఇటూ కదిపి చూశారు. బయట బామ్మర్ది చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇది పోసింది మీరేనా?"

"నేనే మేడం. తప్పైంది."

"ఇంకా ఎక్కడెక్కడి మట్టి తెస్తారు మీరు?"

వాడికి బేరం వాసన తగిలింది. చేతులు విడిపోయాయి. "ఎక్కడిది గావాలె మేడం? ఎర్రది ఉంది, తెల్లది ఉంది, చవుడు ఉంది. పాలమూరు దిక్కుకెల్లి నల్లది గూడ తెప్పిస్త. హైదరాబాదుల మీ ఇల్లు ఏ దిక్కో జెప్పుండ్రి, నేనే వచ్చి దిమ్మిస కొట్టిపోత."

పెద్దావిడ నవ్వారు. కంప్యూటర్ పండితుడు కూడా నవ్వి, పిల్ల వైపు తిరిగి, ఎన్ని చోట్లు అయితే సరిపోతాయనుకుంటున్నారని అడిగారు. ఆ తర్వాత వాళ్లు మాట్లాడుకున్నది నాకు సగమే అర్థమైంది, కానీ గొంతుల్లో వేడి తగ్గిందని అర్థమైంది. పోయేముందు తపాలచెక్కలు తిన్నారు. పెద్దావిడ రెండోది అడిగి తీసుకున్నారు. కానీ కారెక్కుతూ, మేము చెప్పేది మేము చెబుతాం, నిర్ణయం పైన జరుగుతుంది, ఆశ పెట్టలేం అన్నారు. పై అంటే ఎంత పైనో నాకు ఇప్పటికీ తెలియదు.

వానలు పోయాయి, చలి వచ్చింది, జవాబు రాలేదు. ప్రొఫెసర్ రిటైరయ్యారు. పరికరం ఇంకొన్నాళ్లు ఉంచుకోమని దయతలిచారు. జడ్చర్ల కంపెనీ మాత్రం ఆగలేదు. సోమవారంలోగా చేరితే చేరండి, లేకుంటే వేరేవాళ్లకు ఇస్తామంది. తమ్ముడు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"జవాబు రాలేదంటే కాదన్నట్టే," అన్నాడు.

"కాదని చెప్పేదాక కాదన్నట్టు కాదు," అన్నాను నేను.

"నీకేందన్నా, నువ్వు ఎన్నయినా జెప్తవు. నీ దుకాణం జూసినం గదా."

నాకు ఎక్కడో గుచ్చుకుంది. దుకాణం మూతపడ్డది రేడియో పోయినందుకు, నేను తెలివి తక్కువవాణ్నైనందుకు కాదు అని మొదలుపెట్టాను. మా ఆవిడ ఇద్దరి మధ్యలో చాయ్ గ్లాసులు పెట్టి, "ఉద్యోగం చేసేది పిల్ల. అన్నదమ్ములు ఎందుకు కొట్లాడుతుండ్రు? దాన్ని అడుగుండ్రి," అంది.

పిల్ల గడపలో నిలబడి ఉంది. తండ్రి పక్కన వచ్చి కూర్చుంది.

"నాయినా, నేను మాటిచ్చిన. వాళ్లు కాదంటే పోత అన్న. కాదనలేదు గద."

"సోమవారం దాటినంక కాదంటే?"

"గప్పుడు వేరే ఉద్యోగం చూసుకుంట. గీ పని మాత్రం ఇడువ. ఇంతకుముందు ఎక్కడ తప్పుందో నాకే ఎరుక లేకుండె. ఇప్పుడు ఎరుకైంది. బస్సుల పరికరం పెట్టుకుని ఆదివారం ఆదివారం ఒక ఊరికి పోయినా నడుస్తది."

ఆ అరుగు మీది నుంచే కంపెనీకి ఫోన్ చేసి, రాలేనని మర్యాదగా చెప్పింది. తమ్ముడు చాయ్ తాగకుండా లేచి పోయాడు. తర్వాత చాలా రోజులు మా గడప తొక్కలేదు. నాతో మాట్లాడకపోతే సరే, బిడ్డతో కూడా మాట్లాడలేదు. ఆ పట్టుదల మా వంశంలోనే ఉంది, నాకు మాత్రం రాలేదు.

ఎండలు ముదురుతుండగా మంజూరైంది. పెద్ద కంప్యూటర్ కొట్టేశారు. ఆమె కొట్టేయమన్నదే కాబట్టి సంతోషమే. పరికరం ఇచ్చారు, కొన్ని సీసపు ఇటుకలు ఇచ్చారు, ఊళ్లు తిరగడానికి వాహనం కిరాయి ఇచ్చారు. కిరాయి దగ్గర మళ్లీ నాకు కోపం వచ్చింది. కారుకైతే ఇస్తారట, ట్రాక్టరుకు ఇవ్వరట. రేగడి చేనులోకి కారు పోతుందా? ఈ నియమం రాసినవాణ్ని వానాకాలం ఒక్కరోజు మా మెట్ట చెలకల్లో దింపితే తెలుస్తుంది. బామ్మర్ది ముఖం మాడ్చుకుని, "నా మొరం లేకపోతే వాళ్లకు సంగతే తెల్వకపోవు. ఇప్పుడు నా ట్రాక్టర్ పనికిరాదా," అన్నాడు. అయినా కారు దిగబడ్డ ప్రతిచోటికీ ట్రాక్టరు తెచ్చి లాగేది వాడే. కిరాయి తీసుకోడు. ఎవరైనా అడిగితే, పరిశోధన మాది అంటాడు.

నేను కూడా తోడు పోతున్నాను. పరికరం ఎండలో ఉంటే గొడుగు పట్టేది నేను, చుట్టూ చేరిన జనానికి బాంబు కాదని చెప్పేది నేను. మొన్న షాద్‌నగర్ అవతల ఒక నల్లరేగడి చేను గట్టున పెట్టాం. పొద్దునుంచి పిల్ల గంభీరంగా ఉంది. ఎందుకంటే ఆ రోజు తమ్ముడు వచ్చాడు. ఎవరూ పిలవలేదు. కారు బయల్దేరే వేళకు మా ఇంటి ముందు నిలబడి, "ముంగట సీట్ల జాగా ఉందా" అని డ్రైవర్‌ను అడిగి ఎక్కాడు.

పిల్ల గుడ్డ చుట్టిన సీసా పరికరం ముందు పెట్టింది. కంప్యూటర్ తీరిగ్గా ఆలోచించి, ఇది పొటాష్ అంది. గుడ్డ విప్పితే మంచినీళ్లు. పిల్ల గట్టిగా నవ్వి చప్పట్లు కొట్టింది. తమ్ముడు నా దగ్గరికి జరిగాడు. అన్ని నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

"తప్పు జెప్పిందా అన్నా?"

"తప్పే."

"మరి గంత నవ్వుడెందుకు?"

నేను చెప్పబోయేలోపు పిల్లే జవాబిచ్చింది. "గిసుంటి నేల దానికి ఇంక తెల్వదు నాయినా. నాలుగొద్దులు ఇక్కడే పెట్టి వినిపిస్తే తెలుస్తది. తప్పు జెప్పిన జాగా దొరికిందంటే నాకు పని దొరికినట్టు."

తప్పు చెప్పిన యంత్రానికి చప్పట్లు కొట్టడం నాకు ఇప్పటికీ నచ్చదు, ఆ మాట అక్కడే అన్నాను కూడా. ఎవరూ పట్టించుకోలేదు. తమ్ముడు గట్టు మీద గొంతుక్కూర్చుని కాసేపు ఆ తెర వైపు చూశాడు. చేతిలో మట్టిగడ్డను నలుపుతూ, ఎవరినీ చూడకుండా అడిగాడు.

"మన బాయి కాడ చెలక ఉంది గద. గాడ గూడ పెడ్తరా?"

"పెడ్తం నాయినా," అంది పిల్ల. "పైవారం నీ దగ్గర్నే."

"అయితే ముందుగాల చెప్పుండ్రి. మీ మామను మాత్రం మొరం పోయనియ్యకుండ్రి," అన్నాడు తమ్ముడు.